హాట్ టబ్‌కి యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

నాన్న మోకాళ్ల నొప్పులని తిరుపతిలో మా పెరట్లో గాలి నింపే హాట్ టబ్ పెట్టాం. పొద్దున ఆఫీసు నుంచే యాప్‌లో హీటర్ ఆన్ చేశా. సాయంత్రం అమ్మ ఫోన్: “రేయ్, నీళ్లు చల్లగానే ఉండాయే! నాయన టవల్ కట్టుకోని కూర్చోనుండాడు.” మధ్యలో కరెంటు పోయిందంట. వచ్చాక హీటర్ తనంతట తాను ఆన్ కాలేదు.

లెక్క చూడండి. 800 లీటర్లు 27 నుంచి 40 డిగ్రీలకు రావాలంటే సుమారు 12 యూనిట్లు. 2 కిలోవాట్ల హీటర్‌కి 6 గంటల పైనే. యాప్ ఈ టైమ్ తగ్గించదు, దూరం నుంచి మొదలుపెట్టిస్తుందంతే. అందుకే బటన్ నొక్కి వదిలేయకండి, గంట తర్వాత టెంపరేచర్ పెరిగిందో లేదో చూడండి. మూత వేసే ఉంచండి. షాక్ నుంచి కాపాడేది మాత్రం యాప్ కాదు, ఆర్‌సీసీబీ. అది లేకుండా ప్లగ్ పెట్టొద్దు.