మతి కుదిరాక మనిషి కోరేది



మతి చలించిన మనుషుల గురించి మన కథల్లో, నాటకాల్లో రాసింది తక్కువేమీ కాదు. అయితే అందులో ఎక్కువ భాగం బయట నిలబడి చూసినవాళ్ళు రాసిందే. లోపల ఉన్న మనిషి ఏం నమ్మాడో, ఎందుకు నమ్మాడో, ఏం కోరుకున్నాడో అతని నోటనే వినాలి. అందుకే ఈ ఉదయం ఒక్క ఆత్మకథ మీదే ఎక్కువసేపు నిలుస్తాను. అది అమెరికావాడైన క్లిఫర్డ్ బీర్స్ 1908లో ప్రచురించిన ‘ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్’.

అన్నకు వచ్చిన మూర్ఛ తనకూ వస్తుందన్న భయం బీర్స్‌ను ఏళ్ళ తరబడి తినేసింది. 1900లో ఇంటి పైఅంతస్తు కిటికీలోంచి దూకాడు. ప్రాణం దక్కింది గానీ పాదాల ఎముకలు విరిగాయి. ఆసుపత్రిలో కాళ్ళకు వేడి పట్లు వేస్తే, పోలీసులు నిజం కక్కించడానికి పెట్టే హింస అనుకున్నాడు. కిటికీకి ఊచలు చూసి జైలే అనుకున్నాడు. ఆత్మహత్యాయత్నం నేరం కాబట్టి తాను ముద్దాయినన్నది అతని లెక్క. చూడవచ్చిన అన్నదమ్ములు కూడా వేషం మార్చుకున్న డిటెక్టివులైపోయారు.

ఈ నమ్మకం శూన్యంలోంచి పుట్టలేదని గమనించండి. ఊచలు నిజం, వేడి నిజం, చట్టమంటే భయమూ నిజమే. మన దేశంలోనూ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి శిక్షకు భయపడడానికి కారణం ఉండేది. జబ్బు మనిషి బతుకులోంచే సరుకు తీసుకుంటుంది. కాబట్టి ‘అర్థంలేని మాటలు’ అని కొట్టిపారేసే హక్కు మనకు లేదు.

రెండేళ్ళ తర్వాత, 1902 ఆగస్టులో, బీర్స్ తన అనుమానాన్ని తానే పరీక్షకు పెట్టాడు. బయటికి వెళ్ళే వీలున్న తోటి రోగి చేత మరో అన్నకు ఉత్తరం పంపించాడు. నువ్వు నిజంగా మా అన్నవే అయితే ఈ కాగితం పట్టుకుని రా అని దాని సారాంశం. అన్న వచ్చాడు, ఉత్తరం తీసి చూపించాడు. రెండేళ్ళుగా కట్టుకున్న నమ్మకం అంతటితో కూలిపోయింది.

కథ అక్కడ సుఖాంతం కాలేదు. భయం పోయి ఉన్మాదపు ఉత్సాహం పొంగింది. పిచ్చాసుపత్రులన్నిటినీ సంస్కరిస్తానని పట్టుబట్టాడు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, కట్లలో బంధింపబడి దెబ్బలు తిన్నాడు. ఆ సంకల్పం జబ్బుదా, అతనిదా? నన్నడిగితే, పుట్టించింది జబ్బే కావచ్చు, పెంచి పెద్దచేసింది మాత్రం అతనే. కుదుటపడ్డాక దాన్ని వదలలేదు. విలియం జేమ్స్ వంటివారి మద్దతు సంపాదించాడు, 1909లో జాతీయస్థాయి సంఘం నిలబెట్టాడు. 1939లో మళ్ళీ ఆసుపత్రిలో చేరి 1943లో పోయాడు. ఆ చివరి ఏళ్ళు చూసి అతని పనిని తక్కువ చేయడం అన్యాయం.

గణితవేత్త జాన్ నాష్ అనుభవం వేరు. 1994లో నోబెల్ అందుకున్నాక రాసిన స్వపరిచయంలో, భ్రమల నుంచి వివేకానికి తిరిగి రావడం పూర్తిగా ఆనందమేమీ కాదని ఒప్పుకున్నాడు. భ్రమలో తనకో మహత్కార్యం ఉండేది. అది పోయినచోట ఏం పెట్టాలో మందుచీటీ చెప్పదు.

మన ఇళ్ళలో ఆ ప్రశ్నే రాదు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అనే సామెతను నిజంగానే వైద్యంగా వాడుతున్నాం. ‘మాత్ర వేసుకున్నావా, నిద్ర పట్టిందా’ అంటాం. అవి అడగాల్సినవే. ‘నీకేం చేయాలనుంది నాన్నా?’ అని అడిగే ఇల్లు ఎంత అరుదో! చదువు మళ్ళీ మొదలెట్టాలని ఉండవచ్చు, వేరే ఊళ్ళో ఉద్యోగం కావాలని ఉండవచ్చు, పెళ్ళి వద్దనీ ఉండవచ్చు. 2017 చట్టం మనిషికి, తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. చికిత్స గురించే రాయగలిగినప్పుడు బతుకు గురించి ఎందుకు రాయకూడదు?

మధ్యాహ్నం సభలో చికిత్స పొందుతున్న నలుగురు తమ రచనలు చదువుతారు. దయచేసి వారి జబ్బు పేరు అడగవద్దు. రాసిన పేజీల మీద, ఇకముందు రాయబోయేవాటి మీద ప్రశ్నలు వేయండి.