దాఖలు చేసిన రిటర్నులో తప్పు దొర్లితే

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదాయపు పన్ను రిటర్ను ఎలా వేయాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. వేసేసిన రిటర్నులో తప్పు కనబడితే ఏం చేయాలో చెప్పేవారు తక్కువ. అందుచేత ఆ ఒక్క విషయమే మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను ట్రెజరీలో ముప్ఫై నాలుగేళ్ళు బిల్లులు చూసినవాణ్ణి. ఆడిట్ అభ్యంతరం రాకముందే దిద్దిన బిల్లుకూ, వచ్చిన తరువాత దిద్దిన బిల్లుకూ ఎంత తేడా ఉంటుందో మనలో ఆఫీసు పని చేసిన వారందరికీ తెలుసు. పన్ను రిటర్ను సంగతి కూడా అంతే. తప్పు దొర్లడం నేరం కాదు. తెలిసిన తరువాత కూడా కదలకుండా కూర్చోవడమే మనకు నష్టం.

ముందుగా, పెన్షనర్ల రిటర్నుల్లో సాధారణంగా దొర్లే తప్పులు చెబుతాను. మొదటిది, రెండో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉన్న డిపాజిట్ల వడ్డీ మరచిపోవడం. టి.డి.ఎస్. కోయలేదు గనుక పన్ను లేదనుకోవడం పొరపాటు. రెండవది, ఫ్యామిలీ పెన్షన్‌ను జీతం పద్దులో చూపడం. అది ఇతర ఆదాయం పద్దులోకి వస్తుంది. దానికి వచ్చే తగ్గింపు మూడో వంతు లేక 15,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. కొత్త పన్ను విధానంలో 2024-25 ఆదాయం నుంచి ఈ పరిమితి 25,000 చేశారు. పెన్షనరుకు వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ దీనికి వర్తించదు. మూడవది, బకాయిలు ఒకేసారి వచ్చిన ఏడాది సెక్షన్ 89 రిలీఫ్ కోరి, దానికి ముందుగా ఆన్‌లైన్‌లో ఇవ్వవలసిన 10ఈ ఫారం ఇవ్వకపోవడం.

ఇవి కాక మనకే నష్టం చేసే తప్పులు ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి రిటైరయినప్పుడు వచ్చే కమ్యుటేషన్ సొమ్ముకు, లీవు ఎన్‌క్యాష్‌మెంటుకు పన్ను లేదు. వాటిని ఆదాయంలో కలిపి పన్ను కట్టినవారిని నేను చూశాను. పాత విధానంలో ఉన్న సీనియర్ సిటిజన్లకు డిపాజిట్ల వడ్డీపై 80టిటిబి కింద 50,000 వరకు వచ్చే తగ్గింపును వదిలేసినవారూ ఉన్నారు.

ఇక దిద్దుకునే దారులు మూడు. నేను చెప్పే సెక్షన్లు 1961 నాటి చట్టానివి. దాని స్థానంలో 2025 నాటి కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అయినా అంతకు ముందు సంవత్సరాల రిటర్నులకు పాత చట్టమే వర్తిస్తుంది.

మొదటి దారి రివైజ్డ్ రిటర్ను, అంటే సవరించిన రిటర్ను. ఇది సెక్షన్ 139(5). ఆదాయం పెరిగినా, తగ్గినా, రిఫండు రావలసినా ఇందులో దిద్దుకోవచ్చు. దీనికి పెనాల్టీ లేదు. శాఖ వారు 143(1) ఇంటిమేషన్ పంపినా, రిఫండు చేతికి వచ్చినా, గడువులోగా సవరించవచ్చు. 2024-25 ఆదాయానికి ఈ గడువు 2025 డిసెంబరు 31. ఆ తరువాతి సంవత్సరాలకు ఫైనాన్సు చట్టం తేదీని మార్చవచ్చు గనుక ఏ ఏటికాయేడు పోర్టల్‌లో చూసుకోవాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి. సవరించిన రిటర్ను పాతదాని స్థానంలోకి వస్తుంది. మారిన అంకె ఒక్కటే రాసి పంపితే చాలదు. మొత్తం మళ్ళీ నింపి, పాత రిటర్ను రసీదు నంబరు, తేదీ చూపాలి.

రెండవది రెక్టిఫికేషన్, సెక్షన్ 154. ఇంటిమేషన్‌లో రికార్డు చూడగానే తెలిసే తప్పు ఉంటే దీనికి వెళ్ళాలి. కట్టిన పన్నుకు, కోసిన టి.డి.ఎస్.కు జమ రాకపోవడం లాంటివి. ఆ ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్ళ వ్యవధి ఉంటుంది. మరచిపోయిన ఆదాయాన్ని కొత్తగా చేర్చడానికి ఈ దారి పనికిరాదు.

మూడవది అప్‌డేటెడ్ రిటర్ను, సెక్షన్ 139(8ఏ). 2022లో వచ్చింది. మొదట రెండేళ్ళ వ్యవధి ఉండేది, 2025లో దాన్ని నాలుగేళ్ళు చేశారు. రివైజ్డ్ గడువు దాటినవారికి ఇది ఆధారం. కాని దీనికి ధర ఉంది. అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన తరువాత మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70 శాతం కట్టాలి.

ఒక లెక్క చెబుతాను. పాత విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్న ఒక పెన్షనరు 40,000 రూపాయల వడ్డీ మరిచారనుకుందాం. 80టిటిబి పరిమితి వేరే బ్యాంకు వడ్డీతో అప్పటికే నిండింది. పన్ను 8,000, సెస్సు 320, మొత్తం 8,320. గడువులో సవరిస్తే దాదాపు ఇంతటితో సరి. అప్‌డేటెడ్ రిటర్నుకు వెళితే, వడ్డీ అలా ఉంచి, మొదటి ఏడాది అదనం 2,080, నాలుగో ఏడాదికి 5,824. మనం కదలక ముందే శాఖ వారు పట్టుకుంటే సెక్షన్ 270ఏ కింద తక్కువ చూపిన ఆదాయం మీది పన్నులో 50 శాతం, వక్రీకరణ అని తేలితే 200 శాతం పెనాల్టీ పడవచ్చు.

ఇందులో చాలామంది గమనించని సూక్ష్మం ఒకటుంది. అప్‌డేటెడ్ రిటర్నులో పన్ను ఎక్కువ కట్టవచ్చుగాని, రిఫండు అడగడానికి, పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు. అంటే ప్రభుత్వానికి రావలసింది నాలుగేళ్ళ వరకు కట్టించుకుంటారు. మనకు రావలసింది మాత్రం రివైజ్డ్ గడువులోగానే అడగాలి. అది దాటితే జాప్యాన్ని మన్నించమని కారణాలు చూపి అర్జీ పెట్టుకోవాలి, మంజూరు వారి దయ. అందుకే "రావలసిందే కదా, తీరిగ్గా చూద్దాం" అనుకోకండి. తొందర పడవలసింది అక్కడే.

మన సభ్యుల్లో కీర్తిశేషులైన ఒకరి శ్రీమతి గారి సంగతి చెబుతాను. ఆయన పోయిన మూడో నెలలో ఆయన పేరిట పద్దెనిమిది వేల రూపాయల డిమాండు వచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని పూజ గదిలో పటం వెనుక దాచారు. ఏడాది తరువాత మా దగ్గరకు తెచ్చి, "ఇల్లు జప్తు చేస్తారేమోనని పిల్లలకు కూడా చూపలేదు అన్నయ్యగారూ, ఆయన మీద మాట పడుతుందేమోనని భయం" అన్నారు. చూస్తే ఆయన దాచిన ఆదాయం పైసా లేదు. రిటర్నులో టి.డి.ఎస్. కోసిన బ్యాంకు ట్యాన్ నంబరులో ఒక అంకె తారుమారయింది. అందుకని జమ రాలేదు. ఆవిడను చట్టబద్ధ వారసురాలిగా పోర్టల్‌లో నమోదు చేయించి, రెక్టిఫికేషన్ పెట్టించాం. డిమాండు రద్దయింది. ఒక అంకె కోసం ఆవిడ ఏడాది పాటు నిద్ర లేకుండా గడిపారు. ఆయన మీద మాట పడలేదన్న సంతోషమే ఆవిడకు అన్నిటికంటె పెద్దదయింది.

కనుక నా మనవి ఇది. రిటర్ను వేసిన నెలలోపు ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక అయిన ఏ.ఐ.ఎస్. తీసి, పాసుపుస్తకాలతో ఒకసారి సరిపోల్చండి. తేడా ఉంటే వెంటనే సవరించండి. అదనపు పన్ను ఉంటే ముందు కట్టి, ఆ చలాను వివరాలు సవరించిన రిటర్నులో రాయండి. సవరించినదాన్ని కూడా 30 రోజుల్లోగా ఆధార్ ఓ.టి.పి.తోనో, సంతకం చేసిన కాగితం బెంగళూరు కేంద్రానికి చేరేలా పంపో ధ్రువీకరించాలి. మొదటిసారి చేశాం కదా అని ఇది మరచిపోయేవారే ఎక్కువ.

కమీషను మీద పెద్ద రిఫండు తెప్పిస్తామనే వారి మాట నమ్మకండి. ఎవరు నింపినా బాధ్యత మనదే. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు. రిటర్ను, రసీదు, చలాను ఒక ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో వారికి చెప్పండి. మన తరువాత ఆ ఫైలు చూడవలసినవారు వారే.

సందేహాలున్నవారు కాగితాలతో సంఘ కార్యాలయానికి రండి, కలిసి చూద్దాం.