వెబ్ తెరల నిర్మాణక్రమము: దేనిని ఎన్నుకొనవలెను?

(అగ్రికో సభలో చేసిన ప్రసంగపాఠము)



మనము కూడియున్న అగ్రికోకు ఆ పేరు వ్యవసాయపు పనిముట్ల కర్మాగారమువలన వచ్చినది. పార కామ విరిగినచో కామను మాత్రమే మార్చుదుము. పారను మరల కొలిమిలో పెట్టము. వెబ్ అప్లికేషన్ల తెరలను నిర్మించువారు కోరునదియు ఇట్టి అతుకునే.

1979లో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అను నార్వే దేశీయుడు, అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున అతిథిగా నుండి, మోడల్, వ్యూ, కంట్రోలర్ అను మూడు భాగముల పద్ధతిని రూపొందించెను. మోడల్ అనగా ఫైలులోని విషయము, దాని నిబంధనలు. వ్యూ అనగా దానిని చూపు తెర. కంట్రోలర్ అనగా వచ్చిన కోరికను అందుకొని తగినచోటికి పంపు గుమాస్తా. సచివాలయమున పనిచేయు నాకు ఇది వింతగా తోచలేదు. ఒక ఫైలును నలుగురు చూచినను అందలి విషయము ఒక్కటియే గదా!

కరువుభత్యమును చూడుడు. అది సాధారణముగా జనవరి, జూలై మాసములనుండి మారును. ఆ శాతమును తెరలోనే వ్రాసియుంచినచో, ఏటేట రెండుమార్లు ప్రతి తెరను వెదకి దిద్దవలసివచ్చును. ఒక్క తెర తప్పిపోయినను ఒక పింఛనుదారుని లెక్క తప్పును. నిబంధన మోడల్‌లో నున్నచో దిద్దుబాటు ఒకేచోట ముగియును. ఏ పద్ధతిని ఎన్నుకొన్నను దీనిని విడువరాదు.

ఇక ఎంపిక. వెబ్‌లో ఈ పద్ధతి మొదట సర్వరునందే స్థిరపడినది. మీట నొక్కినప్పుడెల్ల సర్వరు క్రొత్త పుటను కూర్చి పంపును. ప్రయాణము ఎక్కువ, నిజమే. కాని పుట తేలికగా నుండును, పాత ఫోనుపై భారము పడదు. 2005లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన జాన్ గాస్‌మన్ వివరించిన మోడల్-వ్యూ-వ్యూమోడల్ పద్ధతిలో, ఒక గడిలో అంకె మార్చగనే మొత్తము తనంతట తానే మారును. చిన్న తెరకు ఇది హాయి. తెర పెరిగినకొలది, ఏది దేనిని మార్చినదో పట్టుకొనుట కష్టమగును. ఆ చిక్కును చూచియే ఫేస్‌బుక్‌వారు 2014లో ఫ్లక్స్ అను పేర, మార్పులన్నియు ఒకే దిక్కున ప్రవహించు ఏర్పాటును చెప్పిరి. 2013లో వారు వెలువరించిన రియాక్ట్‌తో అది జతగూడినది.

జీవన్ ప్రమాణ్ అను డిజిటల్ జీవనధ్రువపత్రము 2014 నవంబరులో ఆరంభమైనది. అటువంటి పనికి తెర కావలెననుకొందము. నాలుగైదు గడులు, ఒక నిర్ధారణ, ఒక రసీదు. దీనికి బ్రౌజరులో పెద్ద యంత్రాంగము నెలకొల్పుట, నా అభిప్రాయమున, పూరిపాకకు లిఫ్టు పెట్టుటయే. సర్వరు కూర్చిన పుటలు చాలును. అదే, వందల ఫైళ్ల కదలికను ఒకే తెరపై చూచుచు, వడగట్టుచు, అక్కడికక్కడే మార్చు అధికారికి బ్రౌజరులోని ఏర్పాటు నిజముగా మేలు చేయును. కాని అప్పుడును నిబంధనల పరిశీలన సర్వరులో మరల జరుగవలెను. బ్రౌజరు వాడుకరి చేతిలోనిది, దాని మాట ప్రమాణము కాదు.

కావున నిర్మాతలు నమూనాను చూపినప్పుడు వారి కార్యాలయపు వేగవంతమైన యంత్రముపై చూడకుడు. పాత ఫోనును తెప్పింపుడు. ఫారము సగము నింపి నెట్‌వర్కును తీసివేయుడు. మరల కలిపి, వెనుకకు వెళ్లు మీట నొక్కుడు. వ్రాసినది ఎంత మిగిలినదో చూచిన పిమ్మటనే ఒప్పందముపై సంతకము చేయుడు.