మనసు చెప్పే సాకులు



నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చారు. సారా గురించిన పాఠం చదివారు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ నిషేధం సడలించారు. దుకాణం మూస్తారు, తెరుస్తారు. మనసుకి పట్టిన అలవాటుకి మాత్రం వైద్యం వేరే ఉంది.

ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడనుకోండి. "ఒళ్ళు నొప్పులు. ఒక్క గ్లాసు పడితేగానీ నిద్ర పట్టదు" అంటాడు. నిజమే అనిపిస్తుంది. కానీ తాగి పడుకుంటే నడిరాత్రి మెలకువ వస్తుంది. పొద్దున్నే చేతులు వణుకుతాయి. ఆ వణుకు తాగుడు తెచ్చిందే. అది తగ్గాలని మళ్ళీ తాగుతాడు. మందు తెచ్చిన జబ్బుకి మందే మందు అనుకుంటాడు!

గట్టిగా అడిగితే, "తలుచుకుంటే రేపే మానేస్తా" అంటాడు. "తాగనోడెవడు?" అంటాడు. ఊళ్ళో తాగనివాళ్ళు బోలెడుమంది. అతని కళ్ళకి దుకాణం దగ్గరున్నవాళ్ళే కనపడతారు. ఇవి సాకులని అతనికీ తెలియదు, నమ్మే చెబుతాడు. అందుకే ఒట్టు వేయించుకున్నా నిలవదు.

వైద్యంలో ముందు ఒంటి సంగతి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మతి తప్పవచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. గదిలో పెట్టి గడియ వేయకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అతనికి తెలియకుండా అన్నంలో మాత్రలు కలపకండి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే ఒక్కోసారి చావే.

తర్వాత మనసు సంగతి. అమెరికా డాక్టరు ఆరన్ బెక్ 1960లలో దిగులు జబ్బుకి ఒక పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని తాగుడుకీ వాడారు. కౌన్సిలర్ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. ఎప్పుడు తాగాలనిపించింది? పక్కన ఎవరున్నారు? అప్పుడు మనసు ఏమంది? ఆ మాట నిజమేనా? మేస్త్రీ ఆలోచిస్తాడు. కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రమే కాళ్ళు అటు లాగుతున్నాయని తెలుసుకుంటాడు. ఆ రోజు వేరే దారిన ఇంటికొస్తాడు. కాసేపు ఓర్చుకుంటే తాగాలనే కోరిక చాలాసార్లు తగ్గిపోతుంది.

మూడు నెలలు మానాడు. పెళ్ళిలో ఒక గ్లాసు తాగాడు. "ఇంక అంతా పోయింది" అనుకుని సీసా ఖాళీ చేశాడు. ఈ ఆలోచన ఆ గ్లాసు కన్నా చెడ్డది. గుప్పెడు గింజలు ఒలికాయని బస్తా అంతా పారబోస్తారా? మర్నాడే మళ్ళీ కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలి.

ఇంట్లో ఆడమనిషి మనసు కూడా సాకులు చెబుతుంది. "నేను విసుక్కున్నందుకే తాగాడు." "తాగినప్పుడే కొడతాడు, లేకపోతే మంచోడే." ఆమె విసుక్కోని రోజు కూడా అతను దుకాణానికి పోయాడు కదా! తాగి కొట్టినా దెబ్బ దెబ్బే. కొడుతుంటే 181కి ఫోన్ చేయండి. తాగుడు మాన్పించే ఆసుపత్రి ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు. ఫోన్‌కి డబ్బులు పడవు.