పన్ను కడితే విమానం ఎక్కొచ్చా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను పన్నుల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. భోజనాలకు ముందు పన్నుల మాట ఎవరు వింటారని అడిగాను. "మన వాట్సాప్ గ్రూపులో అందరూ అడుగుతున్నదే చెప్పు, వింటారు" అన్నారు. గ్రూపులో ఆర్నెల్లుగా నడుస్తున్న ప్రశ్న ఇది: "ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ కార్డుతో కడితే పాయింట్లు వస్తాయట, వాటితో అమెరికాకు ఉత్తగనే పోవచ్చట, నిజమేనా?"

కొందరికి నిజమే. చాలామందికి కాదు. మీరు ఏ వైపు ఉన్నారో తేల్చుకోవడానికి ఏడో తరగతి లెక్కలు చాలు. ముందు వరసలో మన లెక్కల సారు కూర్చున్నారు కాబట్టి జాగ్రత్తగానే చేస్తాను.

ముందుగా, ఇది ఎవరి సంగతి? జీతగాళ్ళ పన్ను జీతం చేతికి రాకముందే టి.డి.ఎస్. కింద పోతుంది. అక్కడ కార్డుకు పనే లేదు. దుకాణం, ప్రాక్టీసు, అద్దెలు, డిపాజిట్ల మీద వడ్డీ ఉన్నవాళ్ళకే ఈ ప్రశ్న. టి.డి.ఎస్. పోను ఇంకా పదివేలు, అంతకు మించి పన్ను ఉంటే జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 తేదీల్లో ముందస్తు పన్ను కట్టాలి. మొత్తంలో వరుసగా 15, 45, 75, 100 శాతం ఆ తేదీలకు చేరాలి. రిటైరైన మన సార్లకు ఒక మంచి మాట: 60 ఏళ్ళు నిండి, వ్యాపార ఆదాయం లేనివారికి ఈ ముందస్తు పన్ను లేదు. రిటర్ను వేసేటప్పుడు మిగిలింది కడితే చాలు.

ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో 'ఈ-పే టాక్స్' అని ఉంటుంది. అందులో పేమెంట్ గేట్‌వే ఎంచుకుంటే క్రెడిట్ కార్డు తీసుకుంటారు. కానీ గేట్‌వే వాళ్ళకు రుసుము ఉంటుంది, దాని మీద 18 శాతం జి.ఎస్.టి. ఉంటుంది. రుసుము బ్యాంకును బట్టి మారుతుంది, కట్టే ముందు తెర మీదే చూపిస్తారు. చూడకుండా నొక్కడమే మన అలవాటు.

లెక్క వేద్దాం. లక్ష రూపాయల పన్ను, రుసుము ఒక శాతం అనుకోండి. వెయ్యి రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. 180. మొత్తం 1,180 చేతినుంచి పోయింది. కార్డు వంద రూపాయలకు రెండు పాయింట్లు ఇస్తుందనుకుందాం. రెండువేల పాయింట్లు. వాటిని గిఫ్టు వోచరుగా మార్చుకుంటే పాయింటుకు పావలా వచ్చే కార్డయితే 500 రూపాయలు వచ్చినట్టు. అంటే 680 నష్టం. అవే పాయింట్లను విమాన సంస్థ మైళ్ళుగా మార్చి, మంచి టికెట్టు దొరికి, పాయింటుకు రూపాయి గిట్టిందంటే 820 లాభం. ఒకే కార్డు, ఒకే పన్ను. ఒకరికి లాభం, ఒకరికి నష్టం.

ఇంకో సంగతి. చాలా కార్డులు ప్రభుత్వ చెల్లింపులకు, పన్నులకు పాయింట్లే ఇవ్వవు. ఇచ్చేవాటిలోనూ నెలకు ఇంతే అని హద్దు పెడతారు. మీ కార్డు నిబంధనల్లో 'మినహాయింపులు' అన్న భాగం చదవండి. పాయింట్లు లేవని అక్కడ ఉంటే ఈ చర్చ అక్కడితో ముగిసింది. నెట్ బ్యాంకింగ్‌తోనో, రూపే డెబిట్ కార్డుతోనో, యూపీఐతోనో కట్టేయండి. రూపే డెబిట్ కార్డుకు, యూపీఐకి 2020 జనవరి 1 నుంచి వ్యాపారి రుసుము లేదు. పన్ను చెల్లింపులకు యూపీఐ పరిమితిని 2024 సెప్టెంబరులో ఒక్కసారికి ఐదు లక్షల దాకా పెంచారు కూడా.

మరి లాభపడేది ఎవరు? కొత్త కార్డు తీసుకున్నప్పుడు "మొదటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితే ఇన్ని పాయింట్లు" అంటారు. ఏడాదికి ఇంత ఖర్చు దాటితే అదనపు పాయింట్లు అనీ అంటారు. ఆ గీత దాటడానికి లేనిపోని ఫ్రిజ్జులు, ఫోన్లు కొనేకంటే ఎలాగూ కట్టాల్సిన పన్ను కార్డు మీద కట్టడం తెలివైన పని. అమెరికాలో ఉన్న మన తమ్ముళ్ళు చేసేది ఇదే. అక్కడి పన్ను శాఖ ఐ.ఆర్.ఎస్. కార్డు నేరుగా తీసుకోదు, మధ్యలో ఉండే కంపెనీలు తీసుకుంటాయి. రుసుము సుమారు 1.75 నుంచి 1.85 శాతం. నాలుగు వేల డాలర్ల పన్నుకు 70 డాలర్లు పోయి, అరవై వేల పాయింట్ల స్వాగత బహుమతి వస్తే, అది గిట్టుబాటు బేరమే. కానీ ఆ బహుమతి ఒక్కసారే. మరుసటి ఏడు అదే రుసుము కట్టి, మామూలు పాయింట్లు తీసుకుంటే మిగిలేది స్వల్పం.

ఇప్పుడు నష్టపోయే వైపు చూద్దాం. నా దగ్గర లెక్కలు రాయించుకునే మిత్రుడొకరు ఉన్నారు, పేరు చెప్పను. ఎరువుల దుకాణం. డిసెంబరులో పన్ను గడువు వస్తుంది. రైతుల దగ్గర ఉద్దెర పైసలు మాత్రం ఎనుమాములకు మిర్చి వచ్చాకే చేతికొస్తాయి. పాయింట్లు కూడా వస్తాయి కదా అని రెండు లక్షల పన్ను కార్డు మీద గీకారు. బిల్లు వచ్చింది, పైసలు రాలేదు. "కనీస మొత్తం" కట్టి ఊరుకున్నారు. పూర్తి బిల్లు కట్టకపోతే వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. నెలకు మూడున్నర శాతం చొప్పున ఏడువేలు, దాని మీద జి.ఎస్.టి. 1,260. మూడు నెలల్లో దాదాపు పాతికవేలు వడ్డీకి పోయాయి. ఆ డబ్బుతో భార్యాభర్తలు ఢిల్లీ పోయి రావచ్చు. వచ్చిన పాయింట్లతో ఒక్కరికి హైదరాబాద్ నుంచి బెంగళూరు టికెట్టు కూడా పూర్తిగా రాలేదు.

ముందస్తు పన్ను ఆలస్యమైతే ప్రభుత్వం వేసే వడ్డీ నెలకు ఒక శాతం. మూడు నెలలకు ఆరువేలు. పన్ను ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. గడువులోపు కట్టడమే మంచిది. కాని చేతిలో డబ్బు లేనప్పుడు కార్డు మీద తెచ్చుకునే అప్పు సర్కారు బాకీ కంటే నాలుగు రెట్లు ఖరీదని తెలిసి ఉండాలి.

మన ఓరుగల్లు బిడ్డలం కాబట్టి ఒక పాత లెక్క కూడా చెబుతాను. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని రాతి మీద చెక్కించాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైలో ఒక వంతు, అంటే వందకు మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. మహారాజు ఒక్కసారి తీసుకున్నంత సుంకాన్ని కార్డు కంపెనీ ప్రతి నెలా తీసుకుంటుందన్నమాట.

రాతి మీద చెక్కిన మాటకూ, ఈ పాయింట్లకూ ఇంకో తేడా ఉంది. ఈరోజు పాయింటుకు రూపాయి విలువ ఉంటే రేపు అర్ధరూపాయి కావచ్చు. ఒక మెయిలు పంపితే సరిపోతుంది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయాయి. దాని పేరుతో కూడబెట్టిన మైళ్ళు ఉన్నాయి కాని ఎక్కడానికి ఆ విమానం లేదు. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది, దాని పాయింట్లు కొత్త పథకంలోకి, కొత్త నిబంధనల కిందికి పోయాయి. పాయింట్లు డిపాజిట్టు కాదు. వడ్డీ రాదు, విలువ తగ్గుతుంది. వచ్చినవి వచ్చినట్టు వాడుకోవాలి.

అమ్మానాన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. బిడ్డ పురిటికి అమెరికా పోయేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పాయింట్లకు ఇచ్చే సీట్లు తక్కువ. ఎండాకాలం సెలవుల్లో, సంక్రాంతికి ఇంకా తక్కువ. పురుడు మన పాయింట్ల కోసం ఆగదు. ఉత్త టికెట్టు అన్నా ఎయిర్‌పోర్టు పన్నులు, ఇంధన సర్‌చార్జి చేతి నుంచి కట్టాల్సి రావచ్చు. తేదీ ఖాయమైన ప్రయాణానికి డబ్బు పెట్టి కొన్న టికెట్టే నమ్మకం. కాశీకో, అండమాన్‌కో తేదీ అటూఇటూ జరుపుకోగలిగే ప్రయాణానికి పాయింట్లు దాచుకోండి.

మరో హెచ్చరిక. "నా పన్ను నీ కార్డు మీద కట్టు, పైసలు నీకు ఇస్తా, పాయింట్లు నీకే" అనే బేరాలు మన బజారులో మొదలయ్యాయి. అతను ఇవ్వకపోతే అప్పు మీది. ఇచ్చినా చిక్కే. ఏడాదిలో కార్డు బిల్లులకు పది లక్షలు, అంతకు మించి కడితే, లేదా నగదుగా లక్ష కడితే, బ్యాంకు ఆ సంగతి ఇన్‌కమ్ టాక్స్ శాఖకు తెలుపుతుంది. మీ ఏ.ఐ.ఎస్.లో అది కనిపిస్తుంది. ఐదు లక్షల ఆదాయం చూపినవాడు పన్నెండు లక్షల బిల్లు ఎలా కట్టాడని అడిగితే, పాయింట్ల కోసమని చెప్పుకోవాలి.

చివరగా, కార్డు లేకుండానే వచ్చే లాభం ఒకటుంది. మన మున్సిపాలిటీల్లో ఏప్రిల్ నెలలో ఎర్లీ బర్డ్ కింద ఆ ఏటి ఇంటి పన్ను మీద 5 శాతం రాయితీ ప్రకటిస్తుంటారు. ఆరువేల ఇంటి పన్నుకు 300 మిగులుతాయి. ఒక శాతం ఇచ్చే కార్డుతో కడితే వచ్చేది 60. మట్టెవాడలో సొంత ఇల్లున్న ప్రతివారూ ఏప్రిల్ మొదటి వారంలోనే ఈ రాయితీ ఉందేమో కనుక్కోండి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. పన్ను డబ్బు పూర్తిగా మీ బ్యాంకు ఖాతాలో పడ్డాకే కార్డు గీకండి. బిల్లు మొత్తం ఖాతా నుంచి తనంతట తాను కట్టుకునేలా ఆటో డెబిట్ పెట్టండి. రుసుము ఎంత, పాయింట్లకు మీరు నిజంగా రాబట్టగల విలువ ఎంత, రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. విలువ ఎక్కువుంటే గీకండి, లేకపోతే యూపీఐతో కట్టి నిశ్చింతగా నిద్రపోండి. ఈ లెక్క వేయడానికి చార్టర్డ్ అకౌంటెంటు అక్కరలేదు, మన సారు నేర్పిన శాతాలు చాలు.

భోజనాల తర్వాత ఎవరైనా తమ కార్డు బిల్లు తెస్తే కూర్చుని చూద్దాం. ఫీజు లేదు, పాయింట్లూ లేవు.