రోజుకు ఒక రూపాయి



బషీర్‌బాగ్‌లో లాల్ బహదూర్ స్టేడియం ఉంది. మీలో చాలామంది బస్సులో ఆ పక్క నుంచి పోయే ఉంటారు. వెనకటి రోజుల్లో దాని పేరు ఫతే మైదాన్. 1967లో పేరు మార్చారు. 1950ల్లో అక్కడ ఫుట్‌బాల్ ఆట ఉందంటే జనం విరగబడి వచ్చేవారు.

ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళకు ఏజెంట్లు ఉంటారు. ఏజెంటు ఏం చేస్తాడు? ఆటగాడి తరఫున బేరం మాట్లాడతాడు. ఏ జట్టులో ఆడాలి, ఎంత డబ్బు అడగాలి, అన్నీ చూస్తాడు. వచ్చిన దాంట్లో తన వాటా తీసుకుంటాడు. క్రికెట్ ఆడే సచిన్ టెండూల్కర్‌కు 1995లో మార్క్ మస్కరేనస్ అనే ఆయన ఇలాగే ఏజెంటు అయ్యాడు.

మరి అంతకు ముందు? పేదింటి పిల్లవాడికి ఆట వస్తే, అతణ్ణి చెయ్యి పట్టి ముందుకు తెచ్చేదెవరు?

హైదరాబాదులో ఆ పని ఒక బడిపంతులు చేశారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909లో పుట్టారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును వరసగా 5 ఏళ్ళు గెలిచింది.

ఆయన నేర్పే తీరే వేరు. కుడి కాలితో బాగా ఆడేవాళ్ళను ఎడమ కాలితోనే ఆడమనేవారు. మనల్ని ఎడమ చేత్తో పలక మీద రాయమన్నట్టే! ఎంత కష్టమో చూడండి.

సికింద్రాబాదు అవతల అమ్ముగూడ ఉంది. అక్కడ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. 1936లో పుట్టాడు. పేద ఇల్లు. ఆట మాత్రం బాగా వచ్చు. రహీం సాబ్ కంట పడ్డాడు. రాష్ట్రం జట్టు కోసం శిక్షణకు రమ్మన్నారు.

కుర్రవాడు రాలేనన్నాడు. ఇష్టం లేక కాదు. అమ్ముగూడ నుంచి నగరానికి రోజూ రావాలంటే డబ్బులెక్కడివి?

రహీం సాబ్ ఇంకేమీ అడగలేదు. రోజుకు ఒక రూపాయి ఇస్తానన్నారు. ఆ రూపాయితో సైకిలు అద్దెకు తీసుకుని రమ్మన్నారు. రూపాయే కదా అనుకోకండి. అది లేకపోతే ఆ పిల్లవాడు అమ్ముగూడలోనే ఉండిపోయేవాడేమో. రహీం సాబ్ అందులో వాటా అడగలేదు.

బలరాం సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. 1956లో మన దేశం జట్టుతో ఆస్ట్రేలియాకు, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. జట్టును తీసుకెళ్ళింది రహీం సాబే. మనకు నాలుగో స్థానం వచ్చింది. తర్వాత బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో పేరు తెచ్చుకున్నాడు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో బాగోలేదు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. అయినా వెళ్ళారు. ఆఖరి ఆట దక్షిణ కొరియాతో. అక్కడి జనం మన జట్టును చూసి గోల గోల చేశారు. జర్నైల్ సింగ్ తలకు అప్పటికే కుట్లు పడ్డాయి. అతను వెనక కాపలా కాసే ఆటగాడు. రహీం సాబ్ అతణ్ణి ముందుకు పంపారు. అతను ఒక గోలు కొట్టాడు. పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు. 2-1తో బంగారు పతకం మనది. బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు.

1963 జూన్ 11న రహీం సాబ్ చనిపోయారు. ఆయన మీద 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది.

అదే 1963లో బలరాం కూడా జబ్బు చేసి ఆట మానేశారు. 2023లో కన్నుమూశారు. పెద్ద వయసులో కూడా ఆ సైకిలు రూపాయి సంగతి చెప్పేవారు.