బేతాళుని ప్రశ్న



చందమామ మా యింటికి వచ్చిననాడు నేను మొదట తెఱచెడిది బేతాళకథ. శ్మశానము, దూసిన కత్తి, రాజు భుజముపై శవము! శంకర్ గారి ఆ బొమ్మ చూచి, లాంతరు ఆర్పిన పిమ్మట అమ్మమ్మ ప్రక్కకు జరిగి ముసుగు పెట్టెడివాడను. అయినను మఱునెల సంచికకై టపాబంట్రోతు త్రోవ కాచెడివాడను.

1947 జూలైలో మదరాసున పుట్టిన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. అటుకపై దొరకిన పాత సంచికలను, అఱువదేండ్లు దాటిన పిమ్మట, మొన్న మరల చదివితిని. శవమును చూచి భయము కలుగలేదు. మాటిమాటికి జాఱిపోవు బరువును మోయు రాజు ఓపికకు నవ్వు కూడ వచ్చినది. భయపెట్టినది ప్రశ్న. ఉత్తర మెఱిగియు పలుకకున్న తల పగులును. పలికిన మౌనము చెడి శవము చెట్టెక్కును. శ్రమ వ్యర్థమైనను రాజు పలుకుచునే యుండెను.

11వ శతాబ్దిలో సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పిన చివరి చిక్కు వినుడు. అడుగుజాడలు చూచి, పెద్దపాదముల స్త్రీ తండ్రికి, చిన్నపాదముల స్త్రీ కొడుకునకు అని వారిరువురు నిశ్చయించుకొనిరి. తీరా చూడగా పెద్దపాదములు కూతురివి, చిన్నవి తల్లివి! ఆ దంపతుల బిడ్డలకు వరుస యేమి? రాజు మౌనము వహించెను. తెలియకపోవుటచేతనే వహించెను.

నేనో? మా యూరి గట్టు తగవులో ఒకనాడు పెద్దలతో కూర్చుంటిని. హద్దురాయి మొదట నున్న చోటు నాకు తెలియును. చుట్టఱికము చెడునని నోరు మెదపలేదు. ఒక రైతు బారెడు నేల కోల్పోయెను. నా తల పగులలేదు.

ఆ రైతు గతించినాడు, కుమారుడు కలడు. అతనికి ఆ చోటు చూపవలెనని రెండుమారులు బయలుదేరి, వీథి మలుపునుండియే తిరిగి వచ్చితిని. రేడియోలో చెప్పిన పిమ్మట ఇక పోక తప్పదు గదా.